రెండో చెయ్యి

1961 మే నెల రెండో శుక్రవారం, సాయంత్రం నాలుగు దాటాక, మొగలిదిన్నెలో ఉప్పు పండించే కొఠారులో తూము పక్కన కట్ట తెగింది. ఏటి నీళ్లు లోపలికి వచ్చాయి. పల్లపు మళ్లలో ఉన్న ఉప్పు కరిగిపోయింది. తూము దగ్గర ఒంటరిగా ఉన్న కూలిమనిషి నాగులమ్మ కాలు తూము మూసే పలకకూ రాతికీ మధ్య నలిగింది.

ఈ కథను మొదటినుంచి చదువుతున్నవారికి హెబ్రోను తెలుసు. ఈ వారమే పత్రిక చేతికి వచ్చినవారికి నాలుగు మాటలు చెప్పాలి.

హెబ్రోను ఈ కొఠారులో పన్నెండేళ్లు ఏతం తొక్కాడు. అదే ఏతం మీద అతనితోపాటు మాలకొండయ్య ఉండేవాడు. ఒకరు తొక్కితే ఒకరు బాన వంచి మళ్లలోకి నీళ్లు పోసేవారు. ఈ ఏడు పని మొదలయ్యే వేళకు పాత మేస్త్రీ హజరత్తయ్యకు చూపు తగ్గింది. యజమాని పద్మనాభయ్య అతన్ని ఇంటికి పంపి హెబ్రోనును మేస్త్రీని చేశాడు. ఏతం తొక్కిన మనిషి మేస్త్రీ కావడం ఆ కొఠారులో అదే మొదలు.

హెబ్రోను పాత మేస్త్రీలా చేతికర్ర పట్టలేదు. మళ్ల మధ్య తాటాకు పందిరి వేయించి మంచినీళ్ల కుండలు పెట్టించాడు. చంటిబిడ్డల తల్లులకు పాలిచ్చే వేళకు విడుపు ఇచ్చాడు. మబ్బుపనికి కూలి ఇప్పించాడు.

మబ్బుపని అంటే ఇది. వేసవిలో పడమట మబ్బు లేస్తే మేస్త్రీ కిరసనాయిలు డబ్బా కొడతాడు. ఎక్కడివాళ్లు అక్కడ పని ఆపుతారు. ముందు తూము మూస్తారు. తర్వాత పల్లపు మళ్లలో ఉప్పు లాగి, తట్టలకెత్తి, దిబ్బ మీదికి మోసి, తాటాకు కప్పుతారు. మామూలు రోజుల్లో దిబ్బ ఎక్కిన ప్రతి తట్టకూ మేస్త్రీ ఒక గవ్వ ఇస్తాడు. వారం చివర గవ్వలను బట్టి కూలి. మబ్బు కింద మాత్రం గవ్వలు ఉండేవి కావు. అది ఎవరి తట్ట అని అడిగేవాళ్లూ ఉండేవారు కారు. ఆ చాకిరికి కూలి లేదని ఆడవాళ్లు ఏళ్ల తరబడి అనుకుంటూ వచ్చారు. ఆ మాట యజమాని దగ్గరికి తీసుకుపోయి ఒప్పించినవాడు హెబ్రోను. ఏప్రిల్ నుంచి మబ్బు కింద కూడా గవ్వ ఇస్తున్నాడు.

అదే నెలలో జట్టును రెండు చేశాడు. నడికాలువకు తూర్పున ఉన్న మళ్లు మాలకొండయ్య జట్టువి. పడమటివి చెంచమ్మ జట్టువి. సీజను చివర ఎక్కువ గవ్వలు తెచ్చుకున్న జట్టుకు చీరలు, పంచెలు పెట్టిస్తానన్నాడు. దిబ్బ మీదికి వచ్చే ఉప్పు పెరిగింది. పద్మనాభయ్య ఆ మాట నెల్లూరులో నలుగురికి చెప్పుకున్నాడు.

తూము నడికాలువ చివర ఉంది. పల్లపు మళ్లు దాన్ని ఆనుకుని ఉన్నాయి. తూము తూర్పు జట్టుదీ కాదు, పడమటి జట్టుదీ కాదు. దాన్ని ఎవరు చూడాలో హెబ్రోను ఎవరికీ చెప్పలేదు. ఏప్రిల్‌లో మబ్బు లేచినప్పుడు ఏటికి పోటు లేదు, తూము మూసే ఉంది. అందువల్ల ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

తూము పలకను ఒకరు దించలేరు. రెండు పక్కలా రాతిలో గాడి ఉంటుంది. ఇద్దరు చెరో కొసా పట్టుకుని ఒకేసారి ఆ గాడుల్లోకి జార్చాలి. ముందు చేరినవారు పలక కొస పట్టుకుని “రెండో చెయ్యి!” అని కేక వేస్తారు. ఆ కేకలో పేరు ఉండదు. విన్నవారు చేతిలో ఏముంటే అది కింద పెట్టి పోవాలి. ఆ కొఠారులో పనికి చేరినవారికి మొదటిరోజు చెప్పే మాట అదే. హెబ్రోనుకు చెప్పింది చెంచమ్మ.

శుక్రవారం నాగులమ్మ ముందు చేరింది.

సోమవారం పొద్దున నెల్లూరు ఆసుపత్రిలో ఆమెకు మోకాలి కింద కాలు తీసేశారు. ఆ కబురు తెచ్చిన పడవలోనే పద్మనాభయ్య వచ్చాడు.

* * *

ఆయన ముందు తెగిన కట్ట చూశాడు. తర్వాత పల్లపు మళ్లు చూశాడు. పందిట్లోకి వచ్చి కుండలో నీళ్లు ముంచుకుని తాగి బల్ల మీద కూర్చున్నాడు. హెబ్రోను ఎదురుగా నిలబడ్డాడు.

“పోయిన ఉప్పు గురించి నేను మాట్లాడను” అన్నాడు పద్మనాభయ్య. “ఉప్పు మళ్లీ పండుద్ది. తూము ఎవరు ముయ్యాల?”

“అందరూ అయ్యా.”

“అందరూ అంటే ఎవరూ కాదు. జట్టును రెండు చేస్తే ఎవరి పని వాళ్లకు తెలుస్తాదని నా ఇంటికొచ్చి చెప్పినావు. తెలిసిందా?”

హెబ్రోను తెగిన కట్టకేసి చూశాడు.

“ఆమె కేక వెయ్యలేదా?”

“వేసిందయ్యా. గాలి ఎక్కువగా ఉండాది. గాలికి వినపడలా.”

“ఎవరికీ?”

“ఎవరికీ.”

“నీకు?”

“నాకూ వినపడలా.”

పద్మనాభయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు.

“సరే. కేక సంగతి వదిలెయ్. తూము దగ్గర మనిషి లేడు. ఉండాల్సినవాడు ఒకడుంటాడు గదా. ఆ పేరు చెప్పు. పడవ తిరిగిపోయే లోపల చెప్పు. చెప్తే ఆ మనిషి ఒక్కడే పోతాడు. చెప్పకపోతే పులికాటు జట్టును పిలిపిస్తా. వాళ్ల మేస్త్రీ సూళ్లూరుపేటలో నా మాట కోసం కాచుకోనుండాడు. గుడిసెలన్నీ ఖాళీ చెయ్యాల్సొస్తాది. నీదీ అందులోదే.”

“ఒకర్ని తీసేస్తే కట్ట నిలబడుద్దా అయ్యా?”

“నిలబడదు. మిగతావాళ్లు నిలబడతారు. మేస్త్రీ అన్నాక అది తెలియాల.” కండువా భుజం మీద వేసుకుంటూ ఆయన ఇంకో మాట అన్నాడు. “నాగులమ్మ పేరు చెప్పినా నాకు పర్వాలేదు. తన మడి వదిలిపెట్టి పోయింది గదా. కాలు లేని మనిషి ఎట్టాగూ పనికి రాదు. ఆమెకు కొత్తగా పోయేదేం లేదు.”

“ఆ పేరు నేను చెప్పనయ్యా.”

“అయితే వేరే పేరు చెప్పు.”

* * *

పనివాళ్లు తాటాకు కొట్టంలో ఉన్నారు. ఆ రోజు పని లేదు. ముప్పైమంది దాకా ఉంటారు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. శుక్రవారం దాకా తూర్పు జట్టు ఒక పక్క, పడమటి జట్టు ఒక పక్క కూర్చునేవారు. హెబ్రోను భార్య రెబెక్కమ్మ చెంచమ్మ పక్కన ఉంది. ఆమెది పడమటి జట్టు.

“రా మేస్త్రీ” అంది చెంచమ్మ. “కూర్చో. కొత్త చీర పరుద్దామంటే ఇంకా మేం గెలవలా.”

హెబ్రోను కూర్చోలేదు. పద్మనాభయ్య అడిగింది చెప్పాడు. పులికాటు జట్టు సంగతి చెప్పాడు. నాగులమ్మ పేరు తాను చెప్పనన్న సంగతి కూడా చెప్పాడు.

“మంచిది” అంది చెంచమ్మ. “కేక సంగతి అడగలేదా ఆయన?”

“అడిగినాడు. గాలికి వినపడలేదని చెప్పినా.”

“ఎవరికి?”

“ఎవరికీ.”

“మమ్మల్ని అడిగే చెప్పినావా?”

“మీ మంచికే చెప్పినానక్కా. వినపడినా పోలేదంటే అందరం పోతాం. వినపడలేదంటే తప్పు గాలి మీదికి పోతాది.”

“అయితే గాలిని పనిలోంచి తీసెయ్యమను” అన్నాడు మాలకొండయ్య.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. చెంచమ్మ నవ్వలేదు. నవ్వినవాళ్లు ఆపారు.

హెబ్రోను అన్నాడు. “నేను ఇప్పుడు అడుగుతుండా. కేక ఎవరికి వినపడింది? వినపడినోళ్లు చెయ్యి ఎత్తండి. ఇది అయ్యకు చెప్పేదానికి కాదు. నాకు తెలియాల.”

ఎవరూ ఎత్తలేదు. చెయ్యి ఎత్తితే, విని కూడా పోలేదని ఒప్పుకున్నట్టు. బయట పడవవాళ్లు చాప దులుపుతున్న చప్పుడు వినిపించింది.

రెబెక్కమ్మ చెయ్యి ఎత్తింది.

“నువ్వు కూర్చో” అన్నాడు హెబ్రోను.

“కూర్చునే ఉండా. నాకు వినపడింది. రెండుసార్లు వినపడింది. మొదటిసారి రెండో చెయ్యి అనింది. రెండోసారి నా పేరు పెట్టి పిలిచింది.”

“పేరు పెట్టి పిలిచిందా?” అంది చెంచమ్మ.

“పిలిచింది. మొదటి కేకకు ఎవరూ రాకపోయేసరికి పిలిచింది. నా తట్ట నిండి ఉండాది. దిబ్బ మీద ఉండా. గవ్వ తీసుకోని పోదామనుకున్నా. చెయ్యి చాపినా, ఆయన గవ్వ ఇచ్చినాడు. గవ్వ కొంగులో కట్టుకోని తిరిగేసరికి కట్ట పోయింది.”

ఆమె భర్తకేసి చూసి మాట్లాడలేదు. కొట్టం మధ్యలో ఉన్న గుంజకేసి చూసి మాట్లాడింది. చెయ్యి దించలేదు.

తర్వాత చెంచమ్మ చెయ్యి ఎత్తింది. ఆమె వెనక ఉన్నవాళ్లు ఎత్తారు. మగవాళ్లలో ఒకరి తర్వాత ఒకరు ఎత్తారు. చివరికి మాలకొండయ్య ఎత్తాడు. కొట్టంలో చెయ్యి ఎత్తనివాడు హెబ్రోను ఒక్కడే.

“నువ్వు తూముకు అందరికంటే దగ్గర ఉండావు” అన్నాడు హెబ్రోను మాలకొండయ్యతో. “నువ్వెందుకు పోలేదు?”

“పోయినా.”

“యాడికి పోయినావు?”

“తట్ట గట్టు మీద దించి పోయినా. నాలుగడుగులు వేసినా. అప్పుడు దిబ్బ మీదినుంచి ఒక మాట వచ్చింది. ఆ మాట నీకు వినపడలేదా? గాలి తూమునుంచి దిబ్బకు వీస్తావున్నా నాకు వినపడింది.”

“ఏం మాట?” అంది చెంచమ్మ.

“ఆయన్నే చెప్పమనండి.”

“నువ్వే చెప్పు.”

“‘మాలకొండయ్యా, తట్ట దించితే గవ్వ లేదు.’ అదీ మాట.”

కొట్టంలో ఎత్తిన చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

“నువ్వు తూముకు పోతున్నావని నాకు తెలీదు” అన్నాడు హెబ్రోను.

“మరి యాడికి పోతున్నాననుకున్నావు? మబ్బు నెత్తి మీద పెట్టుకోని, తట్ట దించి, కల్లు తాగేదానికి పోతున్నాననుకున్నావా?”

“అనుకోలేదు. నేనేం అనుకోలేదు. తట్ట దిగింది చూసినా. అన్నా.”

“అదీ నిజం” అన్నాడు మాలకొండయ్య. “నువ్వు తట్టను చూసినావు.”

“నువ్వెందుకు తిరిగినావు? నేను అన్నంత మాత్రాన తిరగాల్నా? ఏతం మీద ఉన్నప్పుడు నా మాట ఎన్నిసార్లు విన్నావు నువ్వు?”

మాలకొండయ్య కూర్చున్న చోటినుంచి లేచాడు.

“తిరిగినా. అది నా తప్పే. కాదనడంలా. పంచె లేక తిరగలేదు. అప్పటికి మా జట్టు వెనకబడి ఉండాది. ఓడిపోతే మాలకొండయ్య మూలాన ఓడినాం అని నా జట్టోళ్లు నా మొగం చూస్తారే, ఆ భయానికి తిరిగినా. ఆ భయం నాకు ఏతం మీద లేదు. ఏతం మీద నువ్వూ నేనే గదా. నువ్వు బాన వంచకపోతే నా కాలు జారుతాది. అంతే తెలుసు. నన్ను జట్టుకు పెద్దను చేసినావు. నాకు సంతోషమైంది. ఇంటికి పోయి మా ఆడామెకు కూడా చెప్పుకున్నా.”

మాలకొండయ్య మళ్లీ కూర్చున్నాడు.

చెంచమ్మ మాట్లాడింది. “హజరత్తయ్య మమ్మల్ని తిట్టినాడు. కర్రతో కొట్టినాడు. నువ్వు తిట్టలా, కొట్టలా. నీళ్ల కుండ పెట్టినావు. పసిబిడ్డల్ని ఎత్తుకోనిచ్చినావు. మేం మర్చిపోలేదు. అయితే అబ్బయ్యా, ఆ ముసిలోడి కర్రకు తూర్పూ పడమరా లేదు. అందరి మీదా పడింది. నీ గవ్వకు ఉండాది.”

“మబ్బుపనికి కూలి కావాలని మీరే గదా అడిగింది?”

“కూలి అడిగినాం. పందెం అడగలేదు.”

హెబ్రోను కొట్టం వాకిటికేసి చూశాడు. పద్మనాభయ్య పందిట్లోనే ఉన్నాడు. పడవవాడు గడ ఎత్తి పట్టుకున్నాడు.

“టైం లేదు” అన్నాడు హెబ్రోను. “ఏం చెప్పమంటారో చెప్పండి.”

“అందరి పేర్లూ చెప్పు” అంది చెంచమ్మ. “నీ పేరు ముందు చెప్పు. కట్ట మబ్బు కింద పోయిందయ్యా, మబ్బుపనికి పేరు లేదని చెప్పు. మేమంతా వచ్చి నీ వెనక నిలబడతాం.”

“పులికాటు జట్టు వస్తాది.”

“రానీ. ఈ ఏటి పోటు సంగతి వాళ్లకు తెలిసేలోపల సీజను అయిపోద్ది. అది ఆయనకూ తెలుసు. బెదిరిస్తుండాడు.”

“బెదిరింపు కాకపోతే?”

చెంచమ్మ కొట్టంలో ఉన్నవాళ్లకేసి చూసింది.

“ముప్పైమందిని రోడ్డు మీద పడేసేదానికి నేను మేస్త్రీని కాలేదక్కా.”

“దేనికైనావు?” అంది చెంచమ్మ. “సరే, ఆ మాట తర్వాత. ముందు చెయ్యి ఎత్తు. మేమంతా ఎత్తినాం. నీకు వినపడిందా లేదా? రెబెక్కమ్మ ఆ వేళ దిబ్బ మీద నీ పక్కనే ఉండాది. ఆమెకు వినపడింది.”

పడవవాడు కేక వేశాడు.

హెబ్రోను చెయ్యి ఎత్తలేదు. కొట్టంలోంచి బయటికి నడిచాడు. అతని వెనక ఎవరూ రాలేదు.

* * *

“ఎవరు?” అన్నాడు పద్మనాభయ్య.

“మాలకొండయ్య.”

“తూము అతనికి అప్పగించినావా?”

“అప్పగించినానయ్యా.”

హెబ్రోను తూమును ఎవరికీ అప్పగించలేదు. ఆ సంగతి పైన చెప్పాం.

పద్మనాభయ్య లేచి పంచె సర్దుకున్నాడు. “రేపట్నుంచి తూము నీది” అన్నాడు. పడవ ఎక్కబోతూ వెనక్కి తిరిగి, “రెండు జట్లూ అట్టే ఉంచుతావా?” అని అడిగాడు.

“తీసేస్తానయ్యా.”

“మబ్బు గవ్వ కూడా తీసెయ్. ఆ గవ్వలతోనే వచ్చింది ఇదంతా.”

పడవ కాలువ మలుపు తిరిగేదాకా హెబ్రోను గట్టు మీదే ఉన్నాడు.

మాలకొండయ్య మంగళవారం పొద్దున గుడిసె ఖాళీ చేశాడు. గుడిసె కొఠారుది. పని పోతే గుడిసె పోతుంది. బండి మీద బిందెలు, చాపలు, ఒక మేక ఎక్కించాడు. అతని భార్య బండి వెనక నిలబడి ఉంది. ఆడవాళ్లు వచ్చి ఆమెకు కుంకుమ పెట్టి పంపారు. రెబెక్కమ్మ ఒక గిన్నెలో వేయించిన చేపలు తెచ్చి ఇచ్చింది.

మాలకొండయ్య దిబ్బ మీదికి ఎక్కి హెబ్రోను ముందు తన తట్ట బోర్లించి పెట్టాడు. దాని మీద పిడికెడు గవ్వలు పోశాడు.

“శుక్రవారంవి, మేస్త్రీగారూ. మబ్బు కింద తీసుకున్నవి.”

పన్నెండేళ్లలో అతను హెబ్రోనును గారూ అనలేదు.

“మీ బామ్మర్ది దొరవారిసత్రంలో ఉండాడు గదా” అన్నాడు హెబ్రోను. “అక్కడ పొలం పని...”

“మే నెలలో పొలం పనేంది మేస్త్రీగారూ? మళ్లు నెర్రెలిచ్చి ఉంటాయి. సూళ్లూరుపేట పోతుండాం. స్టేషన్ కాడ మూటలు మొయ్యొచ్చు. మొయ్యడం వచ్చు గదా.”

“మాలకొండయ్యా, నేను చెప్పకపోతే అందరూ పోయేవాళ్లు.”

“తెలుసు.”

“నేను నీ పేరు చెప్పింది...”

“అదీ తెలుసు. అందరిలోకీ నేనైతే నీ మీద గొడవకు రానని చెప్పినావు. నిజమే. రాను.”

అతను దిబ్బ దిగి బండి దగ్గరికి పోయాడు. బండి కదిలింది.

ఆ సాయంత్రం హెబ్రోను అందర్నీ కొట్టంలోకి పిలిచాడు. ఇక రెండు జట్లు లేవని, పందెం లేదని, మబ్బు కింద గవ్వ కూడా లేదని చెప్పాడు.

“కూలి కూడా తీసేసినావా?” అంది చెంచమ్మ.

“అయ్య తీసెయ్యమన్నాడు.”

“ఇచ్చింది నువ్వు. తీసింది అయ్య. బాగుండాది.”

“మబ్బుపని పాత పద్ధతిలోనే చేద్దాం. డబ్బా కొట్టగానే మీరు పల్లపు మళ్లకు పోండి. తూముకు నేను ముందు పోతా. రెండో చెయ్యి అంటే ఎవరు విన్నా రండి.”

కొట్టంలో ఎవరూ తల ఊపలేదు.

“వస్తారా రారా?”

“ఏమో మేస్త్రీ” అంది చెంచమ్మ. “గాలి ఉంటే మాకు వినపడదంట గదా.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె లేచింది. ఆమెతోపాటు మిగతావాళ్లు లేచారు. రెబెక్కమ్మ వాళ్లతోనే వెళ్లింది. ఆ రోజునుంచి ఆమె హెబ్రోనుకు అన్నం పెట్టింది, అతని బట్టలు ఉతికింది, అతనితో మాట్లాడలేదు.

పని ఆగలేదు. తెగిన కట్టకు మట్టి వేశారు. మొగలి మొద్దులు అడ్డం పెట్టారు. మళ్లలోకి మళ్లీ నీళ్లు తోడారు. చెప్పిన పని చెప్పినట్టు చేశారు. చెప్పని పని చెయ్యలేదు. కుండలో నీళ్లు అయిపోతే హెబ్రోను చెప్పేదాకా ఎవరూ నింపలేదు. అంతకుముందు ఆ సంగతి ఎవరికీ చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. ఏతం మీద మాలకొండయ్య చోటులో నిలబడమంటే మగవాళ్లు వంతులు వేసుకున్నారు.

తర్వాతి వారం గురువారం మధ్యాహ్నం పడమట మబ్బు లేచింది.

ఏరు పోటు మీద ఉంది. మళ్లకు నీళ్లు కావాలని పొద్దున తూము తెరిచింది హెబ్రోనే. అతను దిబ్బ ఎక్కి డబ్బా కొట్టాడు. అందరూ వచ్చారు. ఆలస్యం చెయ్యలేదు. పల్లపు మళ్లలోకి దిగి ఉప్పు లాగారు, తట్టలకెత్తారు, వరసగా దిబ్బకు మోశారు. చెంచమ్మ వరసకు ముందు ఉంది. రెబెక్కమ్మ ఆమె వెనక ఉంది.

హెబ్రోను గవ్వల సంచి దిబ్బ మీద వదిలి తూముకు పరుగెత్తాడు. గాలి ఏటి మీదినుంచి కొఠారు వైపు వీస్తోంది. అతను పలక ఎత్తి ఒక కొస గాడిలో పెట్టాడు. రెండో కొస నీళ్ల తోపుడుకు పక్కకు పోయింది. దాన్ని భుజంతో ఆపాడు. కొత్త కట్ట అంచునుంచి మట్టి జారడం మొదలైంది.

“రెండో చెయ్యి!” అని కేక వేశాడు.

దిబ్బ మీద వరస కదులుతూనే ఉంది.

పలక అతన్ని రాతివైపు నెట్టింది. అతను కాలు మార్చి నిలదొక్కుకున్నాడు. రెండోసారి కేక వేశాడు. ఈసారి పేరు పెట్టి పిలిచాడు. పన్నెండేళ్లు ఏతం మీద పిలిచిన పేరే పిలిచాడు.

“మాలకొండయ్యా!”

మాలకొండయ్య ఆ వేళకు సూళ్లూరుపేట స్టేషన్‌లో ఉన్నాడు.

కేక దిబ్బ దాకా వినిపించింది. తట్టలు మోస్తున్నవాళ్లు అందరూ ఆగారు.